ఎవరికేటైంది?

కొండకర్ల ఆవ పక్కన తెల్లవారుజామున పరిగెడుతుంటే రోజూ ఒకటే ప్రశ్న: "ఏటమ్మా, ఎవరికేటైంది?" ఆడది పరిగెత్తిందంటే ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికొచ్చి ఉండాలి! నెత్తిన గడ్డిమోపుతో మైళ్ళు నడిచే ఆడవాళ్ళని మాత్రం ఎవరూ ఆపి అడగరు. అది ఇంటి పని కదా.

ఒలింపిక్స్‌లో మగవాళ్ళ మారథాన్ 1896లోనే మొదలైంది. ఆడవాళ్ళకి 1984 దాకా లేదు. 1967లో బోస్టన్‌లో పరిగెడుతున్న కాథరీన్ స్విట్జర్ నంబరు చింపి బయటికి నెట్టబోయాడు ఒక నిర్వాహకుడు. మన శరీరాలు అంత దూరం తట్టుకోలేవన్నారు. పొలానికీ నీళ్ళకీ నడిచిన దూరాలు ఏ శరీరాలు తట్టుకున్నాయి మరి? ఏ ఇంటిపనీ లేకుండా మనకోసం మనం గడిపే మూడు గంటల్నే వాళ్ళు భరించలేరు.

నా మొదటి మారథాన్ 42.195 కిలోమీటర్లు. ఈ ఆదివారం 30 పరిగెత్తాలి. ఎవరికీ ఏటీ అవలేదు. నాకోసమే పరిగెడుతున్నాను.