ఊగి మళ్లీ నిటారుగా నిలిచే భవనం: సీమకు ఎంత అవసరం?

కర్నూలు భూకంప పటంలో రెండో జోన్‌లో ఉంది. కడప జిల్లాలో ఎక్కువ భాగమూ అంతే. ఇంతకన్నా తక్కువ ముప్పున్న జోన్ దేశంలో లేదు కాబట్టి, ఇక్కడ ఇల్లు కట్టేవారి దిగులంతా బోరులో నీళ్లు పడతాయా లేదా అన్నదే. మహారాష్ట్రలోని కిల్లారికీ అలాంటి ధీమానే ఉండేది. అప్పటి పటంలో అది ఒకటో జోన్, అంటే అన్నిటికన్నా భద్రం. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 6.2 తీవ్రతతో భూమి కంపిస్తే ఆ ప్రాంతంలో దాదాపు పదివేల మంది పోయారు. మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడలు, వాటి మీది మట్టి కప్పులు కూలి వారిని పొట్టన పెట్టుకున్నాయి. సీమ పల్లెల్లోని పాత మిద్దెలకూ రాతి గోడలే, దూలాల మీద మట్టి బరువే. కిల్లారిని భద్రమన్న ఆ ఒకటో జోన్‌ను 2002లో పటం నుంచే తీసేశారు.

కాంక్రీటు భవనాల సంగతి వేరు. పెద్ద కుదుపుకు దూలాల చివర్లలో ఇనుము సాగాలి, కాంక్రీటు పగలాలి, భవనం మాత్రం కూలకూడదు. నిబంధనల ఉద్దేశం అదే. ప్రాణాలు దక్కుతాయి గానీ భవనం ఒరిగిపోయి ఉండొచ్చు. ఆ ఒరుగు అంతస్తు ఎత్తులో అర శాతం దాటితే మరమ్మతుకన్నా కొత్తది కట్టుకోవడమే చవకని జపాన్‌లో జరిగిన ఒక అధ్యయనం తేల్చింది. మూడు మీటర్ల అంతస్తుకు అది 15 మిల్లీమీటర్లే. 2011 భూకంపం తర్వాత న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో కూలకుండా నిలిచిన భవనాలను కూడా వందల్లో పడగొట్టాల్సి వచ్చింది.

దీనికి విరుగుడుగా వచ్చిందే సెల్ఫ్ సెంటరింగ్ పద్ధతి. ఇందులో గోడను పునాదికి అతికించేయరు, లోపల బిగించిన ఉక్కు తీగలతో పట్టి ఉంచుతారు. భూమి ఊగితే గోడ అడుగున ఒక అంచు లేస్తుంది, తీగలు లాగి మళ్లీ యథాస్థానంలో కూర్చోబెడతాయి. కుదుపు శక్తిని వేరే ఉక్కు కడ్డీలు పీల్చుకుంటాయి. అవి పాడైతే మార్చుకునేలా కూడా అమర్చవచ్చు. 1999లో శాన్‌డియాగోలో అయిదంతస్తుల నమూనాపై దీన్ని పరీక్షించారు. క్రైస్ట్‌చర్చ్‌లో ఈ పద్ధతిలో కట్టిన ఒక ఆసుపత్రి భవనం పెద్దగా దెబ్బతినలేదు.

అలాగని కర్నూలు అపార్ట్‌మెంట్లన్నిటికీ ఇది కావాలనడం అత్యాశ. ఖర్చు ఎక్కువ, తీగలు బిగించే నిపుణులు కావాలి, 2016 నాటి భూకంప డిజైన్ ప్రమాణం ఐఎస్ 1893లోని నిర్మాణ పద్ధతుల జాబితాలో దీని పేరే లేదు. మన అసలు లోటు అంతకన్నా కింద ఉంది. స్తంభంలో వేసే రింగు కొక్కేన్ని 135 డిగ్రీలు లోపలికి వంచాలని భూకంపాలను తట్టుకునే కాంక్రీటు కట్టడాల ప్రమాణం ఐఎస్ 13920 చెబుతుంది. రెండో జోన్‌లో అది తప్పనిసరి కాదు, అందుకే 90 డిగ్రీల దగ్గరే ఆపేస్తే అడిగే నాథుడు ఉండడు.

కర్నూలు సర్వజన వైద్యశాల, కడప రిమ్స్ లాంటి చోట్ల కొత్త బ్లాకులు కట్టేటప్పుడు మాత్రం ప్రభుత్వం సెల్ఫ్ సెంటరింగ్ పద్ధతిని పరిశీలించాలి. భూమి కంపించిన మర్నాడే పనిచేయాల్సింది ఆసుపత్రే కదా. రాతి గోడలతో కొత్తగా ఇల్లు కడుతుంటే లింటెల్ మట్టంలో చుట్టూ కాంక్రీటు బెల్టు వేయించండి. కాంక్రీటు ఇల్లయితే, రింగుల కొక్కేలు పూర్తిగా వంచేదాకా మేస్త్రీని వదలకండి.