స్పామ్ పాలవుతున్న పిలుపులు

సింగపూర్: పండగ దగ్గర పడుతోందంటే సింగపూర్‌లోని మన సంఘాల కార్యకర్తలకు కంటి మీద కునుకుండదు. హాలు బుక్ చేయాలి, భోజనాల లెక్క తేలాలి, పిల్లల డాన్సులకు రిహార్సల్స్ జరగాలి. అన్నీ అయ్యాక ఆహ్వానం ఈమెయిల్‌లో పంపి, ‘హమ్మయ్య, అందరికీ వెళ్లిపోయింది’ అనుకుంటారు. పండగ మర్నాడు టెక్కా మార్కెట్లో కనబడిన మిత్రుడు ‘ఏమండీ, మమ్మల్ని పిలవనే లేదేం?’ అంటాడు. పంపామని వీరు, రాలేదని వారు. ఇద్దరూ చెప్పేది నిజమే. పిలుపు వెళ్లింది. వెళ్లి స్పామ్ ఫోల్డర్‌లో పడింది.

పండగ భోజనం తప్పిపోతే పోయింది, వచ్చే ఏడాది తినొచ్చు. కానీ పని చేసే చోట ప్రమాదంలో మనవాడొకడు చనిపోయి, ఊరికి పంపడానికి చందాలు కావలసి వచ్చినప్పుడు పంపే మెయిల్ కూడా అదే దారి పడుతుంది. అర్ధరాత్రి ఆస్పత్రిలో రక్తం కావాలన్న మెయిల్ మూడు రోజుల తర్వాత కంటబడితే లాభమేమిటి? అందుకే ఇది కంప్యూటర్ కుర్రాళ్ల గొడవలే అని వదిలేయడానికి లేదని మేము అనుకుంటున్నాం.

గ్రీన్‌కార్డుతో మొదలు

అడగని ఈమెయిల్ కథ పాతదే. 1978 మే నెలలో గ్యారీ థర్క్ అనే అమెరికన్ సేల్స్‌మన్ తన కంపెనీ కంప్యూటర్ల గురించి దాదాపు 400 మందికి ఒకేసారి మెయిల్ కొట్టాడు. తొలి స్పామ్ అదేనంటారు. 1994లో అరిజోనాకు చెందిన ఇద్దరు లాయర్లు, భార్యాభర్తలు, వేలాది చర్చా వేదికల్లో ఒకే ప్రకటన గుప్పించి గగ్గోలు పుట్టించారు. ఆ ప్రకటన దేని గురించో తెలుసా? గ్రీన్‌కార్డు లాటరీ! వలస వెళ్లాలనే ఆశ మీదనే తొలి పెద్ద స్పామ్ వ్యాపారం నడిచిందన్నమాట. విదేశాల్లో ఉంటున్న మనం ఈ సంగతి మరిచిపోకూడదు. ఇప్పటికీ ఆ వలలు పడేది మన మీదనే.

సింగపూర్ చట్టం ఏం చెబుతోంది?

సింగపూర్‌లో స్పామ్ నియంత్రణ చట్టం 2007 జూన్ 15 నుంచి అమల్లో ఉంది. దీని ప్రకారం అడగకుండా వ్యాపార మెయిళ్లు పంపడమే నేరం కాదు. కాకపోతే పద్ధతి పాటించాలి. ఒకే విషయం మీద 24 గంటల్లో 100కు మించి, లేదా 30 రోజుల్లో 1,000కి మించి, లేదా ఏడాదిలో 10,000కు మించి పంపితే అది పెద్ద ఎత్తున పంపినట్టే లెక్క. అలాంటి మెయిల్ సబ్జెక్టు లైను మొదట్లో ‘ఏడీవీ’ అని ప్రకటన గుర్తు పెట్టాలి. పంపింది ఎవరో, ఎలా సంప్రదించాలో చెప్పాలి. ‘ఇక వద్దు’ అనడానికి దారి చూపాలి. వద్దన్న వారికి పది పని దినాల్లోగా ఆపేయాలి. అడ్రసులను సాఫ్ట్‌వేర్‌తో ఏరుకొచ్చి గానీ, అక్షరాలు కలిపి ఊహించి గానీ పంపడం పూర్తిగా నిషిద్ధం.

తప్పితే నష్టపోయినవారు కోర్టుకు వెళ్లొచ్చు. మెయిల్ ఒక్కింటికి 25 డాలర్ల వరకు, మొత్తం మీద 10 లక్షల డాలర్ల వరకు పరిహారం రావచ్చు. ఇంకో విశేషం.. సరుకులు, సేవలే కాదు, స్థలాలు, పెట్టుబడుల ప్రకటనలు కూడా ఈ చట్టంలో వ్యాపార మెయిళ్లే. మెయిల్ హైదరాబాద్‌లో బయల్దేరినా, ఇక్కడున్న మనిషికి చేరితే చట్టం దాకా వచ్చినట్టే. శంషాబాద్ చుట్టుపక్కల ప్లాట్ల గురించి వారానికో మెయిల్ అందుకునేవారు ఈ సంగతి గమనించాలి. అయితే సముద్రం అవతల ఉన్నవాడి మీద 25 డాలర్ల కోసం దావా వేసేది ఎవరు? చట్టం ఉంది, చెయ్యి అందదు. పైగా నిజాయితీపరుడు ‘ఏడీవీ’ అని పెట్టి దొరికిపోతాడు. దొంగ పెట్టడు కాబట్టి దర్జాగా లోపలికొచ్చేస్తాడు.

పెట్టె కాపలాదారు మాటే చెల్లుబాటు

ఈ లోటును చట్టం కన్నా ముందు మెయిల్ కంపెనీలే పూడ్చుకున్నాయి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ కొత్త నిబంధనలు తెచ్చాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 లేదా అంతకు మించి పంపేవారు మూడు రకాల గుర్తింపులు చూపాలి. 2025 మే నెలలో మైక్రోసాఫ్ట్ కూడా అవుట్‌లుక్, హాట్‌మెయిల్ ఖాతాలకు ఇదే బాట పట్టింది.

ఆ మూడు గుర్తింపుల పేర్లు వింటే భయమేస్తుంది గానీ, సంగతి తేలికే. ఎస్‌పీఎఫ్ అంటే ‘మా పేరుతో ఉత్తరాలు పంపే హక్కు ఫలానా సర్వర్లకే ఉంది’ అని ముందే రాసిపెట్టుకునే జాబితా. డీకిమ్ అంటే కవరు మీద వేసే లక్క ముద్ర లాంటిది. దారిలో ఎవరైనా విప్పి మారిస్తే తెలిసిపోతుంది. డీమార్క్ అంటే ఆ రెండిట్లో ఏదీ మన పేరుతో సరిపోలకపోతే ఆ ఉత్తరాన్ని ఏం చేయాలో కాపలాదారుకు మనమే ఇచ్చే ఆదేశం.

‘మాకు 5,000 మంది సభ్యులు ఎక్కడున్నారండీ?’ అని మన సంఘాలవారు అడగొచ్చు. నిజమే. కానీ మొదటి రెండు గుర్తింపుల్లో కనీసం ఒకటి చిన్నవారికీ తప్పనిసరి. పైగా మనవాళ్లలో చాలామంది చేసే పని ఒకటుంది. సంఘానికి ఉచిత జీమెయిల్ ఖాతా తెరుస్తారు. అందులోంచి రోజుకు 500 మందికి మించి పంపడానికి వీలుండదు కాబట్టి, అదే జీమెయిల్ పేరు పెట్టి వేరే సర్వీసు ద్వారా పంపుతారు. కాపలాదారు దృష్టిలో ఇది ఒకరి పేరు చెప్పుకుని మరొకరు లోపలికి రావడమే. మోసగాడు చేసేదీ అదే కదా! మన ఉద్దేశం మంచిదని దానికెలా తెలుస్తుంది?

మొహమాటం ఖరీదు

గుర్తింపు కార్డు ఉన్నంత మాత్రాన పని అయిపోదు. మెయిల్ అందుకున్నవారు ‘ఇది స్పామ్’ అనే బటన్ ఎన్నిసార్లు నొక్కారన్నది అసలు లెక్క. ఈ ఫిర్యాదులు 0.1 శాతం లోపు ఉండేలా చూసుకోండి, 0.3 శాతానికి ఎప్పుడూ చేరనివ్వకండి అంటోంది గూగుల్. అంటే వెయ్యి మందిలో ముగ్గురు నొక్కినా ప్రమాద ఘంటికే. ఎనిమిది వందల మంది సభ్యులున్న సంఘానికి ముగ్గురంటే 0.375 శాతం. గీత దాటేసినట్టే!

ఇక్కడే మనవాళ్ల తీరు గుర్తు చేసుకోవాలి. ‘నాకు మెయిళ్లు వద్దు’ అని చెప్పాలంటే మనకు మొహమాటం. అధ్యక్షుడు మన పక్క బ్లాకులోనే ఉంటాడు, కార్యదర్శి మన జిల్లావాడు, జాబితాలోంచి తప్పుకుంటే ఏమనుకుంటారో! అందుకని ‘అన్‌సబ్‌స్క్రైబ్’ జోలికి వెళ్లరు. ఎవరికీ తెలియకుండా స్పామ్ బటన్ నొక్కేస్తారు. పైకి మర్యాదే. కానీ ఆ ఒక్క నొక్కుతో మిగతా సభ్యులందరి మెయిళ్లకూ చెరుపు జరుగుతోందని వారికి తెలియదు. అందుకే ఎక్కువ మందికి ప్రచార మెయిళ్లు పంపేవారు ఒకే నొక్కుతో తప్పుకునే వీలు కల్పించాలని, రెండు రోజుల్లో పేరు తీసేయాలని కొత్త నిబంధనలు అంటున్నాయి. సింగపూర్ చట్టం ఇచ్చిన పది పని దినాలతో పోలిస్తే ఇది చాలా కఠినం. మన సంఘాలు మాత్రం వెళ్లిపోయేవారికి తలుపు తీయడమంటే అవమానమనుకుంటాయి. తలుపు మూస్తే గోడ దూకుతారు, అంతే తేడా.

జాబితా ఎవరి సొత్తు?

అసలు జబ్బు ఇంకా లోపలుంది. మేము గమనించిన ఒక సంఘం సంగతే తీసుకోండి. పండగకు స్పాన్సర్‌గా వచ్చిన ఒక వ్యాపారి ‘డబ్బుతో పాటు మీ సభ్యుల మెయిల్ జాబితా కూడా ఇస్తే బాగుంటుంది’ అన్నాడు. హాలు అద్దె కళ్ల ముందు కనబడుతుంటే కాదనలేకపోయారు. నెల తిరక్కుండానే సభ్యులందరికీ ప్లాట్ల మెయిళ్లు మొదలయ్యాయి. విసిగిపోయిన జనం ఆ ప్లాట్ల మెయిళ్లతో పాటు సంఘం మెయిళ్లనూ స్పామ్‌లోకి నెట్టారు. మరుసటి ఏడాది ఆహ్వానం సగం మందికి కనబడలేదు. స్పాన్సర్ ఇచ్చింది ఒక్క పండగ ఖర్చు, పట్టుకెళ్లింది సంఘం ఏళ్లతరబడి కూడబెట్టుకున్న మంచి పేరు.

ఇది మంచి చెడుల విషయమే కాదు, చట్టం విషయం కూడా. 2012లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోని ముఖ్య నిబంధనలు 2014 జూలై 2 నుంచి అమలవుతున్నాయి. కంపెనీలకే కాదు, సంఘాలకూ అవి వర్తిస్తాయి. సభ్యుడు పండగ కబుర్ల కోసం ఇచ్చిన అడ్రసును అతని అంగీకారం లేకుండా మరొకరికి ప్లాట్లు అమ్ముకోవడానికి ఇవ్వకూడదు. సమాచార రక్షణ చూసుకునే బాధ్యుణ్ని ఒకర్ని ప్రతి సంస్థా నియమించుకోవాలి కూడా. మన సంఘాల కార్యవర్గాల్లో సాంస్కృతిక కార్యదర్శి ఉంటాడు, క్రీడా కార్యదర్శి ఉంటాడు. ఈ బాధ్యుడు ఎంతమందికి ఉన్నాడు?

వాట్సాప్ ఉందిగా!

‘ఈమెయిల్ ఎవరు చూస్తున్నారండీ, వాట్సాప్ గ్రూపులో పెడితే పోలా?’ అనేవారూ ఉన్నారు. పెట్టొచ్చు. కాకపోతే శుభోదయాలు, పుట్టినరోజుల మధ్య అసలు కబురు మునిగిపోతుంది. నిన్నగాక మొన్న దిగిన కుర్రాడు ఏ గ్రూపులోనూ ఉండడు. పైగా 2021 ఫిబ్రవరి 1 నుంచి స్పామ్ నియంత్రణ చట్టం వాట్సాప్ లాంటి మెసేజింగ్ ఖాతాలకూ విస్తరించింది. ఫోన్ నంబర్లకైతే 2014 జనవరి నుంచే ‘డు నాట్ కాల్’ రిజిస్ట్రీ ఉంది.

ఎస్సెమ్మెస్ సంగతి ఇంకా గట్టిది. 2021 డిసెంబర్‌లో ఓసీబీసీ బ్యాంకు పేరుతో మోసగాళ్లు పంపిన ఎస్సెమ్మెస్‌లు నమ్మి దాదాపు 790 మంది 1.37 కోట్ల డాలర్లు పోగొట్టుకున్నారు. దొంగ మెసేజ్ కూడా బ్యాంకు అసలు మెసేజ్‌ల వరుసలోనే కనబడటంతో జనం మోసపోయారు. ఆ దెబ్బతో 2022 జనవరిలో బ్యాంకులు ఖాతాదారులకు పంపే మెయిళ్లలో, మెసేజ్‌లలో నొక్కే లింకులు తీసేయాలని సింగపూర్ ద్రవ్య ప్రాధికార సంస్థ చెప్పింది. 2023 జనవరి 31 నుంచి పంపేవారి పేరు రిజిస్టర్ కాకపోతే ఆ ఎస్సెమ్మెస్ ‘బహుశా మోసం’ అన్న ముద్రతో వస్తోంది. లింకు చూస్తే చాలు, వెనక్కి తగ్గడం జనానికి అలవాటైంది. మంచి అలవాటే. అలాంటి చోట మనం ‘వెంటనే ఇక్కడ నొక్కండి, సీట్లు కొన్నే ఉన్నాయి’ అని పొట్టి లింకుతో మెయిల్ పంపితే మనిషీ నమ్మడు, ఫిల్టరూ నమ్మదు.

చేయవలసినవి ఇవే

పరిష్కారం ఖరీదైనదేమీ కాదు. సంఘానికి సొంత డొమైన్ తీసుకుని, మూడు గుర్తింపులూ పెట్టించుకోవాలి. మన సాఫ్ట్‌వేర్ కుర్రాడికి ఒక శనివారం పని. తర్వాత జాబితా కడగాలి. ఉద్యోగాలు మారినవారి ఆఫీసు అడ్రసులు, ఆస్ట్రేలియా వెళ్లిపోయినవారి పేర్లు, ఇరవై ఏళ్ల నాటి యాహూ ఐడీలు ఇంకా అందులో ఉంటే తీసేయాలి. వాడని ఐడీలను యాహూ 2013లో వేరేవారికి ఇచ్చేసింది కూడా. చచ్చిన అడ్రసులకు పదేపదే పంపేవారిని ఫిల్టర్లు స్పామర్ల కిందే లెక్కగడతాయి.

కరపత్రాన్ని ఒకే బొమ్మగా అతికించి పంపే అలవాటూ మానాలి. ఒకప్పుడు తెలుగు ఫాంట్లు అందరి కంప్యూటర్లలో కనబడేవి కావు కాబట్టి బొమ్మ పంపేవాళ్లం. యూనికోడ్ వచ్చాక ఆ అవసరం తీరింది. తేదీ, వేళ, చోటు అక్షరాల్లో రాస్తే మనిషికీ ఫిల్టర్‌కూ అర్థమవుతుంది. చావు కబురు, రక్తం కబురు లాంటి అత్యవసర మెయిళ్లను పండగ మెయిళ్లతో కలపకుండా వేరే అడ్రసు నుంచి పంపడం మరీ ముఖ్యం.

అందుకునే మనకూ బాధ్యత ఉంది. సంఘం అడ్రసును కాంటాక్టుల్లో చేర్చుకుందాం. స్పామ్ ఫోల్డర్‌ను వారానికొకసారి చూసి, మనవాళ్ల మెయిల్ కనబడితే ‘స్పామ్ కాదు’ అని చెబుదాం. అక్కర్లేదనుకుంటే మొహమాటం మాని దర్జాగా జాబితా నుంచి తప్పుకుందాం.

పిలవని పేరంటానికి వెళ్లకూడదని మన పెద్దలు చెప్పారు. అడగని ఈమెయిల్ కూడా పిలవని పేరంటమే. ఫిల్టర్‌ను ఎలా బోల్తా కొట్టించాలా అని తల బద్దలు కొట్టుకునే బదులు, ‘మీ కబుర్లు మాకు పంపండి’ అని ఎదుటివాడు తనంతట తాను అడిగేలా చేసుకుంటే సగం సమస్య తీరినట్టే. ఆ మాట ఇచ్చినవాడి అడ్రసును పదిలంగా దాచుకుంటే మిగతా సగమూ తీరుతుంది. అప్పుడు పండగ పిలుపే కాదు, కష్టంలో వేసే కేక కూడా వినబడుతుంది.