స్కూలు బళ్ల లోపలికి వచ్చే డీజిల్ పొగను అరికట్టడంపై తీర్మానం

స్కూలు బస్సులు, వ్యాన్ల డ్రైవర్లు, యజమానులు, మెకానిక్‌ల సంఘం సర్వసభ్య సమావేశంలో చర్చించి, ఏకగ్రీవంగా ఆమోదించినది.

నేపథ్యం

డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించింది. ఈ పొగలో ఊపిరితిత్తుల లోతుకు చేరే సన్నని మసి, కళ్లనూ గొంతునూ మండించే నైట్రోజన్ వాయువులు, కొంత కార్బన్ మోనాక్సైడ్ ఉంటాయి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత దాని లక్షణాలు. డ్రైవరుకు మగత వస్తే బండిలోని పిల్లలందరికీ ప్రమాదమే.

శరీర బరువుతో పోల్చితే పిల్లలు పెద్దవాళ్ల కంటే ఎక్కువ గాలి పీలుస్తారు. 2001లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో స్కూలు బస్సుల లోపల కొలిచినప్పుడు, ముందు వెళ్లే కార్లలో కంటే నాలుగు రెట్ల వరకు ఎక్కువ డీజిల్ పొగ కనబడింది. వెనక సీట్లలోనూ, కిటికీలు మూసినప్పుడూ అది మరింత పెరిగింది.

పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం చేసే పరీక్ష సైలెన్సర్ కొస నుంచి వచ్చే పొగనే కొలుస్తుంది. మధ్యలో ఎక్కడైనా లీకై క్యాబిన్‌లోకి చేరే పొగ ఆ లెక్కలోకి రాదు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బళ్లలో కూడా, పొగను వడగట్టే డీపీఎఫ్‌కు ముందే లీకు ఉంటే వడపోత కాని పొగే బయటపడుతుంది. కాబట్టి సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన బండి లోపలి గాలి మంచిదని సరిపెట్టుకోకూడదని ఈ సమావేశం గట్టిగా భావిస్తోంది.

పొగ లోపలికి రావాలంటే రెండు లోపాలు కలవాలి: ఒకటి పొగ పుట్టే చోటు, రెండోది అది దూరే దారి. సెంటు కొట్టడం వల్లా, తలుపు బీడింగ్ ఒక్కటి మార్చడం వల్లా పని పూర్తి కాదు. రెంటినీ వెతకాలి, రెంటినీ మూయాలి.

కావున ఈ సమావేశం కింది విధంగా తీర్మానించింది:

1. బండిలో పొగ వాసన వస్తోందని డ్రైవరు గానీ, ఆయా గానీ, పిల్లలు గానీ చెబితే వెంటనే రిజిస్టరులో రాయాలి. తనిఖీ పూర్తయ్యేవరకు ఆ బండిలో పిల్లలను ఎక్కించరాదు. ఫిర్యాదు చేసిన డ్రైవరు జీతంలో కోత పెట్టరాదు.

2. వాసన ఎప్పుడు వస్తోందో కూడా రాయాలి. బండి ఆగి ఉన్నప్పుడు బ్లోయర్ వేస్తేనే వస్తే, ఇంజను దగ్గరి పొగను అద్దం కింది గాలి దారి లాగుతోందేమో చూడాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఎక్కువైతే మానిఫోల్డ్, టర్బో జాయింట్లను అనుమానించాలి. నడిచే బండి వెనక గాలి ఒత్తిడి తగ్గి పొగ తిరిగి బండి వైపే మళ్లుతుంది గనుక, పరుగులో మాత్రమే వస్తే వెనక తలుపును, కిటికీలను పరీక్షించాలి. పచ్చి డీజిల్ వాసనైతే అది ఇంధనం లీకు. మంటలంటుకునే ముప్పు ఉంది కాబట్టి బండిని అక్కడే ఆపాలి.

3. పొగ పుట్టే చోటును చల్లటి ఇంజనుతో వెతకాలి. వేడెక్కితే లోహం వ్యాకోచించి చిన్న లీకులు మూసుకుపోతాయి. స్టార్ట్ చేయగానే వినిపించే బుస్సుమనే చప్పుడు, జాయింట్ల దగ్గర నల్లటి మసి చార, ఇంజెక్టర్ల చుట్టూ తారులాంటి గడ్డ లీకుకు గుర్తులు. మానిఫోల్డ్ ప్యాకింగ్, కొంత పొగను తిరిగి ఇంజనులోకి పంపే ఈజీఆర్ పైపు, టర్బో ఫ్లాంజి, ఫ్లెక్సిబుల్ పైపు, సైలెన్సర్ వరసగా చూడాలి. కనబడకపోతే, ఇంజను ఆపి, సైలెన్సర్ కొస నుంచి తక్కువ ఒత్తిడితో గాలి పంపి, జాయింట్ల మీద సబ్బునీళ్లు పూయాలి. బుడగలు లేచిన చోటే లీకు.

4. పొగ దూరే దారిని విడిగా వెతకాలి. ఇంజను కవరు రబ్బరు, గేరు రాడ్ బూటు, వైర్లు వచ్చే రంధ్రాల గ్రామెట్లు, నేల మీది రబ్బరు బిరడాలు, వెనక తలుపు బీడింగ్ పరీక్షించాలి. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగితే తేలికగా వస్తే బీడింగ్ పోయినట్టే. చీకట్లో ఒకరు లోపల టార్చి వేస్తే, బయట ఉన్నవారికి సందులు కనబడతాయి.

5. మరమ్మతు కొత్త విడిభాగాలతోనే జరగాలి. తీసిన ఇంజెక్టర్ రాగి వాషర్‌ను తిరిగి వేయరాదు. దాని సీటు శుభ్రం చేసి, కంపెనీ చెప్పిన బిగింపుతో బిగించాలి. పగిలిన పైపుకు పేస్టు పూసి, పట్టీ చుట్టి పంపడాన్ని శాశ్వత మరమ్మతుగా పరిగణించరాదు. విరిగి పొట్టి అయిన సైలెన్సర్ కొసను మార్చాలి. పొగ బండి కింద నిలవరాదు. డీపీఎఫ్‌ను, ఈజీఆర్‌ను తొలగించే పనిని మన సభ్యులెవరూ చేపట్టరాదు.

6. మూసిన షెడ్డులో ఇంజను నడిపి పరీక్ష చేయరాదు. మెకానిక్ ఆరోగ్యాన్ని కాపాడడం కూడా ఈ సంఘం బాధ్యతే.

7. మరమ్మతు తరవాత, ముందు వాసన వచ్చిన పరిస్థితిలోనే బండిని నడపాలి. వెనక సీటులో ఒకరు కూర్చొని పరిశీలించాలి. కార్బన్ మోనాక్సైడ్ మీటరును సంఘం నిధి నుంచి కొని సభ్యులందరికీ అందుబాటులో ఉంచాలి.

8. బడి గేటు దగ్గర పిల్లల కోసం ఆగినప్పుడు ఇంజను ఆపాలి. ఒక బండి పొగ వెనక బండిలోకి పోకుండా ఎడం ఉంచాలి.

9. ఫిట్‌నెస్ తనిఖీలో క్యాబిన్ పొగ పరీక్షను చేర్చాలని రవాణా అధికారులను, మరమ్మతుకు తగిన సమయం, డబ్బు ఇవ్వాలని పాఠశాలల యాజమాన్యాలను ఈ సమావేశం కోరుతోంది.

వేసవి సెలవుల్లో బళ్లు ఫిట్‌నెస్ పనులకు షెడ్డుకు వచ్చినప్పుడే 3, 4 అంశాల తనిఖీ ప్రతి బండికీ పూర్తిచేయాలి; బడులు తెరిచాక వాయిదా వేయరాదు. తీర్మానం ప్రతులను ప్రతి సభ్యుడికీ, పాఠశాలల యాజమాన్యాలకూ, తల్లిదండ్రుల కమిటీలకూ, జిల్లా రవాణా కార్యాలయానికీ పంపాలి. అమలుపై వచ్చే సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక సమర్పించాలి.