బొమ్మ పెరిగింది, మాట తరిగింది



2025 ఆగస్టులో మా మనవడిని వెంటబెట్టుకొని ఆదోనిలో ‘మహావతార్ నరసింహ’ చూసి వచ్చాను. ఇంటికి చేరగానే వాడు వసారా స్తంభం చాటున దాగి, గోళ్ళు చాచి, గర్జిస్తూ బయటికి దూకాడు. ముచ్చటపడి, “అంతా బాగుంది గాని నాయనా, ఏం చదువుకున్నావని తండ్రి అడిగితే ప్రహ్లాదుడు ఏమని బదులు చెప్పినాడు?” అన్నాను. వాడు తల గోక్కొని, “అది గుర్తు లేదు తాతా. సింహం మాత్రం శానా బాగుంది” అన్నాడు.

మూడు దశాబ్దాలకు పైగా తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. పిల్లవాడికి ఒక మాట గుర్తు లేదంటే, ముందుగా ఆ మాట చెప్పిన తీరును అనుమానించాలని నా వృత్తి నాకు నేర్పింది. అందుకే ఈ గుణదోష విచారణ.

ఈ చిత్రాన్ని గురించి రెండు రకాల వాదనలు విన్నాను. భక్తి చిత్రంలో తప్పులెన్నరాదని కొందరు. పిల్లల బొమ్మల సినిమాలో భాషను పట్టించుకోవడమేమిటని మరికొందరు. మొదటివారు విమర్శను అపచారమంటున్నారు. రెండవవారు పిల్లలను అల్పులుగా చూస్తున్నారు. ఇద్దరితోనూ నాకు పేచీయే.

ముందు గుణాలు చెప్పుకోవడం ధర్మం. 2025 జూలై 25న విడుదలైన ఈ చిత్రానికి దర్శకుడు అశ్విన్ కుమార్. ఇది ఆయన తొలి చిత్రం. పేరున్న నటుడు ఒక్కడూ తెరమీద లేకుండా, 300 కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసి, మన దేశపు యానిమేషన్ చిత్రాలన్నింటిలో అగ్రస్థానంలో నిలిచింది. 2005లో వి. జి. సామంత్ తీసిన ‘హనుమాన్’ తరువాత ఇలాంటి చిత్రానికి పెద్దలూ పిల్లలూ కలిసి కదలిరావడం నేను చూడలేదు. వరాహమూర్తి భూమిని ఉద్ధరించే ఘట్టం, ఉత్తరార్ధంలో నరసింహావిర్భావం కన్నులపండువుగా ఉన్నాయి. ఉగ్రత్వాన్ని చూపడానికి మానవ నటుని ముఖానికి ఉన్న హద్దు బొమ్మకు లేదని ఈ చిత్రం నిరూపించింది. ఆ మేరకు చేతులెత్తి నమస్కరిస్తాను.

ఇక దోషాలు. పాత్రల నడకలో, ముఖకవళికల్లో అక్కడక్కడ వీడియో ఆటల బిరుసుతనం ఉంది. తొలి ప్రయత్నం గనుక దాన్ని క్షమించవచ్చు. క్షమించలేనిది మాట. తెలుగులో పెదవి కదలిక ఒకటి, వినబడే పలుకు మరొకటి. తండ్రి గద్దించినా, తల్లి లాలించినా, గురువులు బెదిరించినా అందరిదీ ఒకే అనువాద భాష. ఎవరి నోట ఏ మాట సహజమో ఆలోచించినట్లు నాకు తోచలేదు.

ఇది చిన్న దోషం కాదు. ఎందుకంటే ప్రహ్లాద చరిత్రమంతా మాటమీద నిలిచిన కథ. తండ్రి కొడుకును ఒడిలో కూర్చోబెట్టుకొని ఏం చదివావని అడుగుతాడు. కొడుకు చెప్పిన జవాబు నుండి కథ పుడుతుంది. చండామార్కులు ఏమరిన వేళ ఆ పసివాడు తోటి దైత్యబాలురను చేరదీసి తానే పాఠం చెబుతాడు. ఏనుగులూ పాములూ విషమూ చేయలేని పనిని ఒక ప్రశ్న చేస్తుంది: నీ హరి ఈ కంబంలో ఉన్నాడా? చివరకు, తనను చంపబోయిన తండ్రి పవిత్రుడు కావాలని ఆ పిల్లవాడే స్వామిని వేడుకొంటాడు. ఇరవైయొక్క తరాలు పవిత్రమైనవని స్వామి వరమిస్తాడు. సింహం ఈ సంవాదానికి ఫలశ్రుతి వంటిది. సంవాదం చెవికెక్కకపోతే మిగిలేది గర్జన ఒక్కటే.

మా ప్రాంతంవారికి ఈ విషయంలో పట్టింపు కాస్త ఎక్కువే. అహోబిలం నిన్నమొన్నటి దాకా మా కర్నూలు జిల్లాలోనిదే. 2022లో నంద్యాల జిల్లాలోకి వెళ్ళింది. ఆదోని, ఎమ్మిగనూరు వాసులకు మంత్రాలయం బస్సెక్కి పోయివచ్చే దూరం. రాఘవేంద్రస్వామి ప్రహ్లాదుని అవతారమని భక్తుల విశ్వాసం. ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ ఏ ఊరు కావాలో కోరుకొమ్మంటే, ప్రహ్లాదుడు యజ్ఞం చేసిన చోటని చెప్పి స్వామి మంచాల గ్రామాన్నే అడిగారని మఠ సంప్రదాయం. ఆ ఊరే మంత్రాలయం. 1671లో స్వామి బృందావన ప్రవేశం చేసింది అక్కడే. ప్రహ్లాదుడు మాకు ఇరుగింటి పిల్లవాడు. అతని నోట అరువు తెలుగు వినబడితే గుచ్చుకోదా?

“మాట లేకుండానే బొమ్మల సినిమా గెలవలేదా?” అని ఒక మిత్రుడు ఎదురు ప్రశ్న వేశారు. నిజమే. లాత్వియా దేశపు దర్శకుడు గింట్స్ జిల్బాలోడిస్ తీసిన ‘ఫ్లో’లో ఒక్క సంభాషణ కూడా లేదు. బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఆ చిత్రం 2025లో ఆస్కార్ పొందింది. కాని అక్కడ మౌనం దర్శకుడు కోరి ఎన్నుకొన్నది. మౌనం వేరు, తడబాటు వేరు. మౌనవ్రతం పట్టినవాణ్ణి చూపించి నత్తిని సమర్థించలేము.

సొంత పురాణంతో, సొంత నుడితో గెలిచినవారూ ఉన్నారు. చైనావారి ‘నేజా’ చిత్రాలను చూడండి. 2025లో వచ్చిన రెండవ భాగం వసూళ్ళు 200 కోట్ల డాలర్లు దాటాయి. 2019 నాటి మొదటి భాగంలో నేజా గురువు సిచువాన్ ప్రాంతపు యాసలో మాట్లాడతాడు. దేశమంతా నవ్వుకొంటూ విన్నది. మన చండామార్కులు మాత్రం ఆదోని యాసలో ఎందుకు విసుక్కోరాదు?

ఇంత దూరం పోనక్కరలేదు. తెరమీద బొమ్మను ఆడించడం మనకు కొత్త విద్యా? ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు నేటికీ ఉన్నారు. వారిలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తెల్లటి తెర, వెనుక దీపం, కీళ్ళు కదిలే తోలుబొమ్మ, నోటినిండా రంగనాథ రామాయణపు ద్విపద. నడుమ కేతిగాడు, బంగారక్క వచ్చి ఊరి భాషలో హాస్యమాడేవారు. బొమ్మలు కొద్ది, మాట సమృద్ధి. 1967 నాటి ‘భక్త ప్రహ్లాద’లో సింహం నేటి లెక్కకు నిలువదు, కాని ఎస్.వి. రంగారావు గద్దింపు, బాలనటి రోజారమణి బదులు మా తరం చెవుల్లో ఇంకా ఉన్నాయి. బొమ్మ పెరిగే కొద్దీ మాట తరగాలనే నియమం ఏదీ లేదు.

తప్పంతా బయటివారిదే అనను. హైదరాబాదులో యానిమేషన్ నిపుణులకు కొదవ లేదు. ‘ఛోటా భీమ్’ పుట్టింది ఆ నగరంలోనే. అయినా వాడు హిందీ బిడ్డగానే పెరిగాడు. 2006 నాటి ‘కిట్టు’ అనే తెలుగు యానిమేషన్ చిత్రానికి జాతీయ పురస్కారం వచ్చింది. ఆ దారి వెడల్పు కాలేదు. కథానాయకుల చిత్రాలకు వందల కోట్లు గుమ్మరించే తెలుగు నిర్మాతలకు పోతన భాగవతం కనబడదా?

ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం నెలకొల్పారు. అక్కడి మగ్గం ముందు కూర్చున్న ఏ నేతగానినైనా అడగండి: అంచు నేతలోనే రావాలంటాడు. బట్ట అంతా నేశాక తెలుగును అంచుగా తెచ్చి కుడితే మొదటి ఉతుకుకే ఊడిపోతుంది. ఈ మాలికలో 2037 వరకు మరి ఆరు చిత్రాలు తెస్తామని నిర్మాతలు ప్రకటించారు. తరువాతిది 2027లో పరశురాముడు. వారిని కోరేది ఇంతే. తెలుగు సంభాషణలను తెలుగు రచయిత చేత మూలంలోనే వ్రాయించండి. తెలుగు గొంతుకు తగినట్లు పెదవులను మళ్ళీ దిద్దండి. రెండు మూడు చోట్ల పద్యానికి చోటివ్వండి. పిల్లలు భయపడరు, పెద్దలే భయపడతారు.

ఇది పండితుని చాదస్తమనుకొంటారేమో! మా పడమటి కర్నూలులో దసరా దాటిందంటే ఎన్నో కుటుంబాలు మూటలు కట్టుకొని సుగ్గికి పోతాయి. తరగతిలో సగం బల్లలు ఖాళీ అయిన దినాలు నేను ఎన్నో చూశాను. పత్తిచేలోనో మిరపతోటలోనో తిరిగే ఆ పిల్లలకు పద్యం చెప్పే అయ్యవారు ఉండడు. తండ్రి చేతిలోని ఫోనులో కనబడే బొమ్మే వారి వాచకం. ఆ వాచకంలో భాష తప్పుగా ఉంటే దిద్దేవారెవరు?

మా మనవడికి ఆ రాత్రి ప్రహ్లాదుని జవాబు నేను చెప్పాను. రెండు పద్యాలు వాడికి వచ్చాయి. సుగ్గికి పోయిన పిల్లవాడికి చెప్పడానికి నేను అక్కడ లేను; సినిమా ఉంది. దాన్ని నిలదీయడం అందుకే.

పొరపాట్లుంటే దిద్దగలరు. విభేదించేవారికి మరింత స్వాగతం.