మూడక్షరాల పూచీ

ఆహార పదార్థాలను తయారు చేసే పరిశ్రమ ప్రజలకు రెండు పూచీలు ఇస్తుంది. పదార్థం శుభ్రంగా ఉంటుందన్నది ఒకటి. పొట్లం మీద రాసిందే లోపల ఉంటుందన్నది రెండవది. కల్తీ పాలు, రంగు కలిపిన కారం పత్రికలకెక్కినప్పుడల్లా గగ్గోలు పుడుతుంది. రెండవ పూచీ తప్పినప్పుడు మాత్రం చప్పున ఎవరి దృష్టికీ రాదు.

మొదటిదానికి కొలతలున్నాయి. పాలశుద్ధి కర్మాగారంలో పాలను 72 డిగ్రీల సెల్సియస్ వేడిలో కనీసం 15 సెకన్లు ఉంచి వెంటనే చల్లబరుస్తారు. వేడి చాలకపోతే యంత్రం ఆ పాలను ముందుకు పోనివ్వక వెనక్కు మళ్లిస్తుంది. తనిఖీకి వచ్చిన అధికారి నమోదు పత్రాలు చూసి తప్పొప్పులు తేల్చవచ్చు. పేరు విషయంలో ఇంత తేలికైన కొలబద్ద లేదు. ఓ.ఆర్.ఎస్. ఉదంతమే ఇందుకు నిదర్శనం.

1971లో బంగ్లాదేశ్ విముక్తి పోరాట కాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థుల నడుమ కలరా ప్రబలింది. సెలైన్ నిల్వలు నిండుకోగా డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా పాళ్ల ప్రకారం కలిపిన నీటిని రోగుల చేత తాగించారు. నూటికి ముప్ఫై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపునకు తగ్గాయి. ఆ మందులోని మహిమంతా పాళ్లలోనే ఉంది. చిన్నప్రేగులో గ్లూకోజు, సోడియం జంటగా రక్తంలోకి చేరుతూ నీటిని కూడా వెంట తీసుకుపోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నేడు సూచిస్తున్న మిశ్రమంలో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు ఉంటాయి. తక్కినవి పొటాషియం, సిట్రేటు లవణాలు. చక్కెర మితిమీరితే అది ప్రేగులోనే నిలిచి, శరీరంలోని నీటిని తన వైపు లాగుతుంది. విరేచనాలు తగ్గకపోగా హెచ్చుతాయి.

మన అంగళ్లలో ఈ మూడక్షరాలను పేరులో ఇముడ్చుకున్న తియ్యని పానీయాలు చాలాకాలం అమ్ముడుపోయాయి. కొన్నింటిలో లీటరుకు నూరు గ్రాములకు పైగా చక్కెర ఉండేది. మందుల దుకాణంలో, అసలు పొట్లాల సరసనే ఇవీ కొలువుదీరేవి. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై ఏళ్ల తరబడి పోరాడారు. 2022లో తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆ ఏడు ఏప్రిల్‌లో ఈ పేరు వాడరాదన్నది. జూలైలో మెత్తబడి, ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన మిశ్రమం కాదు’ అన్న అర్థం వచ్చే హెచ్చరిక ముద్రిస్తే చాలునన్నది. చివరకు 2025 అక్టోబరు 14న ఆ సడలింపును ఉపసంహరించుకున్నది. కొన్ని సంస్థలు ఉన్న నిల్వలు అమ్ముకోనివ్వమని ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించాయి.

ఆ మధ్యకాలపు మూడేళ్లే నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తాయి. తయారీదారులు చట్టాన్ని ఉల్లంఘించలేదు. లైసెన్సు ఉన్నది, పద్నాలుగంకెల సంఖ్య ఉన్నది, హెచ్చరిక కూడా ఉన్నది. కాని అర్ధరాత్రి వాంతులతో సోలిపోయిన బిడ్డను ఒడిలో పెట్టుకున్న తల్లి సన్నని ఆంగ్ల వాక్యం చదువుతుందా? ఆమెకు తెలిసినవి ఆ మూడక్షరాలే. వాటిని ఆమెకు నేర్పింది ప్రభుత్వ ఆసుపత్రి, ఆశా కార్యకర్త. ప్రజాధనంతో, ఎందరో వైద్యుల శ్రమతో ఏర్పడిన నమ్మకాన్ని వ్యాపారులు పైసా ఖర్చు లేకుండా వాడుకున్నారు. అనుమతించిన సంస్థ బాధ్యత కూడా ఇందులో తక్కువేమీ కాదని నా అభిప్రాయం.

2006లో చేసిన ఆహార భద్రత చట్టం తప్పుడు పేరుతో అమ్మే సరుకుకు మూడు లక్షల రూపాయల వరకు, తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల వరకు జరిమానా నిర్దేశించింది. పెద్ద సంస్థకు ఇది లెక్కలోనికి రాని మొత్తం. జరిమానా పెంచడం కంటే ముందు చేయదగిన పని మరొకటి ఉన్నది. రోగులు, పసిపిల్లలు తాగే అవకాశమున్న ఏ పానీయానికైనా పేరును, ముందువైపు ముద్రించే బొమ్మను అమ్మకానికి ముందే వైద్యులు, పోషకాహార నిపుణులు ఉన్న సంఘం పరిశీలించాలి. సామాన్యులు కొందరికి ఆ పెట్టె చూపించి, ఇది ఎందుకు వాడతారని అడిగితే చాలావరకు సంగతి తేలిపోతుంది. దీనివల్ల కొత్త సరుకు అంగడికి చేరడం రెండు నెలలు ఆలస్యమవుతుందని తయారీదారులు వాదించవచ్చు. పండ్లరసం రెండు నెలలు ఆలస్యంగా వచ్చినందువల్ల కలిగే నష్టమేమిటో వారే చెప్పాలి.