ఆటకు ముందుమాట

యూరప్‌లో చాంపియన్స్ లీగ్ ఫుట్‌బాల్ రాత్రి అంటే మనకు అర్ధరాత్రి దాటిన వేళ. అక్కడ తొమ్మిదింటికి ఈల మోగితే చలికాలంలో ఇక్కడ ఒకటిన్నర, వేసవిలో పన్నెండున్నర. హైదరాబాద్‌లోనో విశాఖలోనో హాస్టల్ గదిలో కళ్లు నులుముకుంటూ కూర్చున్న కుర్రవాడికి అప్పటిదాకా తోడుండేది మ్యాచ్ ముందస్తు కథనం. ఎవరి మోకాలికి దెబ్బ తగిలింది, పసుపు కార్డులు ఎక్కువై ఎవరు బయట కూర్చున్నారు, ఎడమ వైపు ఎవరిని దించుతారు, ముందురోజు విలేకరుల దగ్గర కోచ్ ఏం చెప్పకుండా దాటేశాడు... చదువుతుంటే ఆట అప్పుడే మొదలైనట్టుంటుంది. ఆ మాటకొస్తే మంచి ముందస్తు కథనం చదవడం ఆట చూడటం కన్నా సుఖం. అందులో మన జట్టు ఇంకా ఓడిపోలేదు.

ముఖాముఖి చరిత్ర అనే భాగం దగ్గర మాత్రం నవ్వొస్తుంది. ఫలానా క్లబ్బు ఫలానా మైదానంలో నలభై ఏళ్లుగా గెలవలేదట. ఈలోగా ఆటగాళ్లు మారారు, కోచ్‌లు మారారు, గడ్డి మారింది. ప్రత్యర్థి మైదానంలో కొట్టిన గోల్‌కు ఎక్కువ విలువనిచ్చే పాత నిబంధనను 2021లో యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యుయెఫా ఎత్తేసింది కూడా. లెక్క మాత్రం తాతల నాటి నుంచి అలాగే సాగుతుంటుంది. సంక్రాంతికి భీమవరం బరుల దగ్గర కుక్కుట శాస్త్రం పట్టుకుని ఏ తిథికి డేగ గెలుస్తుంది, ఏ దిక్కు నుంచి వదిలితే కాకి గెలుస్తుంది అని తేల్చే పెద్దలకు ఈ పట్టికలు చూపిస్తే, వీళ్లూ మనవాళ్లేనని పక్కన కూర్చోబెట్టుకుంటారు.

ఇందులో తప్పేం లేదు. ఊహించడం అభిమానానికి పుట్టుకతో వచ్చిన గుణం. ఊహ తప్పడమే ఆటకు అందం. 2019 మే 1న బార్సిలోనాలో లివర్‌పూల్ 0-3తో ఓడింది. ఆరు రోజుల తర్వాత సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో జరిగిన మలి మ్యాచ్‌కు సలా లేడు, ఫిర్మినో లేడు. ఆ రోజు ముందస్తు కథనాలు ఏమని రాసి ఉంటాయో చెప్పక్కర్లేదు. సగం ఆటకు రాబర్ట్‌సన్ కూడా గాయపడ్డాడు. అతని చోటు నింపడానికి వచ్చిన వైనాల్డమ్ రెండంటే రెండు నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టాడు. ఇక 79వ నిమిషం. ఇరవై ఏళ్ల అలెగ్జాండర్-ఆర్నాల్డ్ కార్నర్ దగ్గర బంతి పెట్టి, వేరే వాళ్లకు వదిలేసినట్టు నాలుగడుగులు పక్కకు వేశాడు. చటుక్కున వెనక్కి తిరిగి తన్నాడు. బార్సిలోనా ఆటగాళ్లు ఇంకా సర్దుకోనే లేదు, లివర్‌పూల్ ఆటగాడు ఒరిగి బంతిని వలలోకి పంపేశాడు. 4-0.

అదే క్షణాన, ఈ మ్యాచ్‌లో మొత్తం ఎన్ని కార్నర్లు పడతాయి అన్నదానిపై డబ్బు కాసినవాడు ఒకడు ఉంటాడు. ఇప్పుడు దానిమీదా పందెమే, కార్డుల మీదా పందెమే. వాడి లెక్కలో ఆ అద్భుతం ఇంకో కార్నర్, అంతే.

ఈమధ్య ముందస్తు కథనాల చివర ఒక పంక్తి వచ్చి చేరింది. సొంతగడ్డ జట్టు గెలిస్తే ఇంత, డ్రా అయితే ఇంత, వచ్చిన జట్టు గెలిస్తే ఇంత, ఇదిగో మా సలహా అని. పైన రాసిందంతా ఈ పంక్తి కోసమేనేమో అనిపిస్తుంది. చదివేవాడు దాన్ని జోస్యంగా తీసుకుంటాడు. బుకీకి అది సరుకు ధర. ఒక మ్యాచ్‌కు రేట్లు, అంటే గెలిస్తే రూపాయికి చేతికొచ్చే మొత్తాలు, వరసగా 2.00, 3.50, 3.50 అనుకుందాం. ఏ ఫలితం వచ్చినా వంద రూపాయలు చేతికి రావాలంటే మొదటిదానిపై 50, మిగతా రెంటిపై చెరో ఇరవై ఎనిమిదిన్నర కాయాలి. కలిపితే 107. ఆ పైన ఏడు రూపాయలు ఎవరివో, గోల్ ఎవరు కొట్టినా మారదు. మ్యాచ్‌కు గంట పైచిలుకు ముందు తుది జట్లు ప్రకటించగానే రేట్లు కదులుతాయి. గాయాల కబుర్లన్నీ మనకన్నా ముందే ఆ ధరలో కలిసిపోయి ఉంటాయి.

అయినా బాగా తెలిసినవాడు నెగ్గుతాడని ఒక భ్రమ. మిలాన్ గురించి సాండ్రో టొనాలికి తెలిసినంత ఏ కథన రచయితకు తెలుస్తుంది? చిన్ననాటి నుంచీ ఆ క్లబ్బు అభిమాని, పెద్దయ్యాక దాని మిడ్‌ఫీల్డర్. 2023 వేసవిలో న్యూకాజిల్‌కు వెళ్లాడు. రెండు దశాబ్దాల తర్వాత చాంపియన్స్ లీగ్‌లోకి వచ్చిన ఆ జట్టుకు తొలి మ్యాచ్ మిలాన్ మైదానంలోనే పడింది, టొనాలి ఆడాడు. అక్టోబర్‌లో డార్ట్‌మండ్‌తో మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. ఆ వెంటనే నిషేధం. మిలాన్‌లో ఉండగా తన సొంత జట్టు మ్యాచ్‌లపైనే పందేలు కాసినట్టు తేలింది. పది నెలలు ఆటకు దూరం, మరో ఎనిమిది నెలలు వ్యసనానికి చికిత్స, కుర్రాళ్లకు తన అనుభవం చెప్పడం. ఇటలీ సమాఖ్య దీన్ని నేరంతో పాటు జబ్బుగా కూడా చూడటం హర్షించదగ్గది. టొనాలి తిరిగొచ్చాడు, 2025లో న్యూకాజిల్ లీగ్ కప్ గెలిచినప్పుడు జట్టులో ఉన్నాడు. అందరికీ ఆ అదృష్టం ఉండదు.

చట్టాలున్నాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటికీ తలుపు మూసింది. కానీ టీవీలో పరిగెత్తే ఆటగాడి చొక్కా మన చట్టానికి అందదు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ క్లబ్బులు 2025-26 సీజన్ ముగిశాక చొక్కా ముందు భాగాన జూదం కంపెనీల పేర్లు వేసుకోబోమని ఒప్పుకున్నాయి. చొక్కా చేతి మీద మాత్రం వేసుకోవచ్చట! ఎంత త్యాగం.

మన చేతిలో ఉన్నది మన పేజీ. క్రీడా విలేకరి మిత్రులకు ఒక విన్నపం. ముందస్తు కథనం తప్పకుండా రాయండి, ఊహించండి, ధైర్యంగా తప్పండి. రేట్ల పంక్తిని మాత్రం తీసేయండి. ఆ జాగాలో, బెంచీ మీద కూర్చునే కొత్త కుర్రాడి గురించి రెండు మాటలు ఎక్కువ రాయండి.