కడుగుళ్ల వదిన

హుజూర్‌నగర్‌లో మా వీధివాళ్లు నాకిచ్చిన బిరుదు 'కడుగుళ్ల వదిన'. కడిగిన చేతులే కడుగుతానని, వేసిన తాళమే మళ్లీ మళ్లీ లాగి చూస్తానని. సగంమంది 'ఎంత శుభ్రమో!' అని మెచ్చుకుంటారు. సగంమంది 'చాదస్తం' అని నవ్వుతారు. ఇద్దరిమీదా నాకు కోపమే!

అమ్మా, ఇది శుభ్రమూ కాదు, చాదస్తమూ కాదు. ఓసీడీ అనే జబ్బు. దీనికి వైద్యముంది.

'ఆ ఆలోచన మానేయ్, మనసు గట్టిచేసుకో' అంటారు. కోతిని తలచుకోకుండా మందు తాగమన్నట్టుంది! ఆలోచనను తరమక్కర్లేదు; అది ఆడించినట్టల్లా ఆడకపోతే చాలు. 1960లలో లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త ఇద్దరు రోగులకు చేసింది అదే: భయపడేదాన్ని ఎదుర్కోమని, ఆపైన కడుగుళ్లూ తంతులూ చేయనివ్వకపోవడం. ఇవాళ అది ప్రపంచమంతా వాడే చికిత్స.

డాక్టరమ్మ చెప్పినట్టు నేనూ సాధన చేస్తున్నా. తాళం ఒక్కసారే వేసి బస్టాండుకు నడుస్తాను. 'పడిందో లేదో' అని మనసు రొద పెడుతుంది. 'పడకపోయినా పడకపోవచ్చు, పద' అంటాను. గుండె దడదడలాడి, కాసేపటికి దానంతటదే సర్దుకుంటుంది.

మావారు 'పడిందిలేవే' అని రోజుకు పదిసార్లు ధైర్యం చెప్పేవారు. ప్రేమే, కాని నిప్పులో నెయ్యి! ఇప్పుడు అడిగినా పలకరు. మొదట్లో ఏడ్చాను. ఇప్పుడు దండం పెడుతున్నా.

తాయెత్తులు కట్టించేముందు 14416కు ఫోన్ చేయండి. 2022లో కేంద్రప్రభుత్వం పెట్టిన టెలీమానస్ అది. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

నా బిరుదు మాత్రం తిరిగిచ్చేస్తున్నా. ఎవరికైనా కావాలా?